డాప్లర్‌లో రక్తప్రసరణ కనిపించకపోతే బయాప్సీ అక్కర్లేదా?

ప్రశ్న: నా వయసు 38. ఎడమ రొమ్ములో చిన్న గడ్డ చేతికి తగిలితే అల్ట్రాసౌండ్ చేయించుకున్నాను. డాప్లర్‌లో గడ్డ లోపల రక్తప్రసరణ కనిపించలేదని రిపోర్టులో ఉంది. అయినా బైరాడ్స్ (క్యాన్సర్ అనుమానం ఎంతో అంకెల్లో చెప్పే పద్ధతి) 4 అని వేసి, బయాప్సీ చేయించుకోమన్నారు. రక్తప్రసరణ లేదంటే క్యాన్సర్ కాదని ఇంట్లో అంటున్నారు. సూది పరీక్ష తప్పదా?
– ఒక పాఠకురాలు

జవాబు: తప్పదండీ. ఇంట్లో వారి మాటకు కొంత ఆధారం లేకపోలేదు. క్యాన్సర్ కణితి పెరగడానికి కొత్త రక్తనాళాలను పుట్టించుకుంటుంది. అవి వంకరటింకరగా చీలుతూ, తరచుగా గడ్డలోకి చొచ్చుకుపోయి ఉంటాయి. కదిలే రక్తకణాలను తాకి వెనక్కి వచ్చే ధ్వనితరంగాల్లో కలిగే మార్పును బట్టి డాప్లర్ ఈ ప్రవాహాన్ని ఎరుపు, నీలం రంగుల్లో చూపిస్తుంది. (ఆ రంగులు ధమని, సిర అని చాలామంది పొరబడతారు, రక్తం ఒంటిపై ఆనించే ప్రోబ్ వైపు వస్తోందా, దూరంగా పోతోందా అన్నదే వాటి అర్థం.)

అయితే చిన్న క్యాన్సర్లలో ప్రవాహం మరీ సన్నగా, నెమ్మదిగా ఉండి యంత్రానికి అందకపోవచ్చు. ప్రోబ్‌ను కాస్త గట్టిగా నొక్కినా సన్నని నాళాలు మూసుకుపోయి రంగు మాయమవుతుంది. మరోవైపు, ఫైబ్రోఅడినోమా అనే హాని లేని గడ్డలో కూడా, ముఖ్యంగా గర్భిణుల్లో, రక్తప్రసరణ బాగా కనిపించవచ్చు. అందుకే రంగు కనిపించిందనో, లేదనో ఒక్క డాప్లర్‌ను బట్టి నిర్ధారణకు రాకూడదు. డాప్లర్ బాగా అక్కరకొచ్చేది నీటితిత్తుల విషయంలో: తిత్తి లోపల కనిపించే ముద్దలో రక్తం పారుతుంటే అది పేరుకున్న చిక్కటి ద్రవం కాదనీ, కణజాలమేననీ తెలిసిపోతుంది.

మీ రిపోర్టులో 4 వేసింది బహుశా గడ్డ ఆకారాన్నీ, అంచులనూ చూసి అయి ఉంటుంది. ఈ వర్గంలో క్యాన్సర్ అవకాశం 2 శాతం పైనుంచి 95 శాతం లోపు దాకా ఉంటుంది కనుక, 4ఏ, 4బీ, 4సీ అనే ఉపవర్గాల్లో మీది ఏదో డాక్టరు గారిని అడగండి. 4ఏ అయితే ఆ అవకాశం 10 శాతానికి మించదు, కానీ అప్పుడు కూడా బయాప్సీయే సూచిస్తారు. సూదితో చిన్న కణజాల ముక్క తీసే కోర్ బయాప్సీని ఆ చోట మాత్రమే మత్తు ఇచ్చి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ చేస్తారు. సూది దారిలో పెద్ద రక్తనాళం లేకుండా చూసుకోవడానికి అప్పుడు కూడా డాప్లర్ పనికొస్తుంది.