కుక్కను ఆఫీసుకు తీసుకెళ్తే నా టెన్షన్ తగ్గుతుందా?

ప్రశ్న: నా వయసు 36. ఒక్కదాన్నే ఉంటాను. నా దగ్గర 12 ఏళ్ల కుక్క ఉంది. దానికి కిడ్నీ జబ్బని ఈమధ్యే తెలిసింది. ఇంతలో ఆఫీసువాళ్లు ఇంటి నుంచి పని ఆపేసి రోజూ రమ్మన్నారు. అప్పటి నుంచి మధ్యాహ్నం అయ్యేసరికి గుండె దడ, తలనొప్పి. రాత్రి నిద్ర ఉండట్లేదు. ఉద్యోగుల ఆరోగ్యం కోసం ఏం చేయాలో సూచనలివ్వమని కంపెనీ అడుగుతోంది. కుక్కను ఆఫీసుకు తెచ్చుకోనివ్వమని రాద్దామనుకుంటున్నా. మీరేమంటారు?

జవాబు: ముందు దడ సంగతి చూద్దాం. అంతా టెన్షన్ వల్లేనని మీరే తేల్చేసుకోకండి. బీపీ చూపించుకుని ఈసీజీ, హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. నిద్ర చాలక కాఫీలు పెంచి ఉంటే దానివల్లా దడ రావచ్చు. ఛాతీలో నొప్పి, ఆయాసం, స్పృహ తప్పడం ఉంటే మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

పరీక్షల్లో ఏమీ లేదంటే, దడ మధ్యాహ్నమే ఎందుకు వస్తోందో ఆలోచించాలి. కిడ్నీలు దెబ్బతిన్న కుక్క నీళ్లు ఎక్కువ తాగుతుంది, మాటిమాటికీ మూత్రానికి వెళ్తుంది. మీరు తలుపు వేసి వచ్చాక అది ఎంతసేపు ఆపుకోగలదో మీకు తెలుసు. ఆ గడువు దాటే వేళకే మీకు దడ మొదలవుతోందని నా అనుమానం. రాత్రిళ్లు అది లేపుతుంటే మీకు నిద్ర ఎక్కడిది? అన్నట్టు, ఇల్లు తడుస్తోందని దానికి నీళ్లు తగ్గించకండి, ఆ జబ్బులో అది ప్రమాదం.

పెంపుడు కుక్కల్ని ఆఫీసుకు రానిచ్చే ఒక అమెరికన్ కంపెనీలో చేసిన అధ్యయనం 2012లో వెలువడింది. కుక్క పక్కనే ఉన్నవాళ్లకు సాయంత్రానికి ఒత్తిడి తగ్గినట్టు అనిపించింది, ఇంట్లో వదిలి వచ్చినవాళ్లకు పెరిగింది. అయితే లాలాజలంలో కొలిచిన ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్‌లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పైగా అది ఒకే కంపెనీలో చేసిన చిన్న పరిశీలన. అందరికీ వర్తిస్తుందని చెప్పలేం.

మీ విషయంలో నేను వద్దనే అంటాను. ముసలి కుక్క, ఒంట్లో బాగోలేదు. కొత్త చోటు, కొత్త మనుషుల మధ్య అదే బెదిరిపోతుంది. సహోద్యోగుల్లో ఆస్తమా ఉన్నవాళ్లు ఉండొచ్చు. అలర్జీ తెచ్చేది వెంట్రుక కాదు, దాని లాలాజలంలో, చర్మపు పొట్టులో ఉండే ప్రోటీన్లు. అవి కుర్చీలకు, తివాచీలకు పట్టుకుంటే ఓ పట్టాన వదలవు. కుక్కంటే వణికిపోయేవాళ్లూ ఉంటారు, పైకి చెప్పరంతే.

కాబట్టి వెసులుబాటు అడగండి. మధ్యాహ్నం ఇంటికి వెళ్లి రావడానికి గంటన్నర విరామం ఇస్తే ఆ సమయం సాయంత్రం పనిచేస్తానని రాయండి. ఇల్లు దూరమైతే వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని, మిగతా రోజులకు దాన్ని బయట తిప్పే మనిషి. వెటర్నరీ డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సినప్పుడు పూర్తి రోజు కాకుండా గంటల లెక్కన సెలవు. పెంపుడు జంతువు పోయినప్పుడు ఒకట్రెండు రోజుల సెలవు కూడా ఆ సూచనల్లో చేర్చండి. ఆ దుఃఖాన్ని దాచుకుని మీటింగుల్లో కూర్చునేవాళ్లను నేను చూస్తూనే ఉంటాను. ఇందులో కంపెనీకి పెద్ద ఖర్చేమీ లేదు. ‘కుక్కంటే ప్రాణం’ అని బతిమాలడం కన్నా, నిద్ర చెడి పని దెబ్బతింటోందని సూటిగా చెప్పడం నయం.

ఈలోగా రెండు వారాలపాటు దడ ఎప్పుడు వచ్చింది, అప్పుడు నాడి ఎంత ఉంది, ఆ రోజు ఆఫీసా సెలవా అన్నది రాసిపెట్టుకోండి. పరీక్షలకు వెళ్లేటప్పుడు ఆ కాగితం మీ డాక్టర్‌కు చూపించండి.