స్టేక్‌హౌస్‌లో గొడ్డు మాంసం తినని వారికి ఏముంటుంది?

ప్రశ్న: లాస్ వేగాస్‌లో ఉంటున్న మా అబ్బాయి, మేము వెళ్లినప్పుడు కేసినో (జూదశాల) హోటల్లోని ఖరీదైన స్టేక్‌హౌస్‌కు, అంటే ముఖ్యంగా గొడ్డు మాంసం పెద్ద ముక్కలు కాల్చి వడ్డించే భోజనశాలకు తీసుకెళ్తానంటున్నాడు. మేము గొడ్డు మాంసం ముట్టము. పదిహేనేళ్ల మనవడిని రానిస్తారా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: నిశ్చింతగా వెళ్లండి. అటువంటి చోట్ల సాల్మన్ చేప, రొయ్యలు, కోడి మాంసం సాధారణంగా దొరుకుతాయి. అయితే పైకి శాకాహారంలా కనిపించే వాటితోనే జాగ్రత్త అవసరం: ఫ్రెంచ్ ఉల్లిపాయ సూప్‌ను సంప్రదాయంగా గొడ్డు ఎముకలు మరిగించిన రసంతో చేస్తారు, సీజర్ సలాడ్‌లో ఆంకోవీ అనే చిన్న చేపలు కలుస్తాయి, కొన్నిచోట్ల బంగాళాదుంప వేపుడుకు కూడా గొడ్డు కొవ్వే వాడతారు. ఆర్డరు ఇచ్చే ముందే వడ్డించే వారిని అడగండి. అక్కడ అది సర్వసాధారణం. కూరగాయలు చాలాచోట్ల విడిగా తెప్పించుకోవాలి, ఒక్కో గిన్నె ఇద్దరికి సరిపోతుంది. కారం మాత్రం ఆశించకండి. సంచిలో ఆవకాయ సీసా పెట్టుకోవాలన్న కోరికను ఆ ఒక్క పూటకు అణచుకోవడమే మర్యాద.

ఒకవేళ మీ అబ్బాయి స్టేక్ తెప్పించుకుని, ఆ మాంసం ముక్క నుంచి ఎర్రని రసం కారితే కంగారు పడకండి, అది రక్తం కాదు, మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ కలిసిన నీరు.

ఇక మీ మనవడి సంగతి: లాస్ వేగాస్ ఉన్న నెవాడా రాష్ట్రంలో జూదం ఆడడానికి 21 ఏళ్లు నిండాలి. మీ మనవడు పెద్దలతో కలిసి జూదశాల మీదుగా భోజనశాలకు నడిచి వెళ్లవచ్చు గాని, జూదపు యంత్రాల దగ్గర నిలబడకూడదు. బిల్లుపై 18 నుంచి 20 శాతం టిప్పు ఇవ్వడం అక్కడి ఆనవాయితీ. పెద్ద బృందమైతే దాన్ని ముందే బిల్లులో కలిపేస్తుంటారు కాబట్టి, రెండుసార్లు ఇవ్వకుండా మీ అబ్బాయిని చూసుకోమనండి.