సాఫ్ట్‌వేర్ ఉద్యోగ ఇంటర్వ్యూలో మీకు బాగా నిరాశ కలిగించిన అనుభవం ఏది?

హైదరాబాదులో జావా బ్యాకెండ్ డెవలపర్‌గా (సర్వరు వైపు కోడ్ రాసే పని) పనిచేస్తూ మార్పు కోసం చూస్తున్న రోజుల్లో, రాయదుర్గంలోని ఒక సంస్థ శనివారం పెట్టిన డ్రైవ్‌కు, అంటే ఒకేరోజు చాలామందిని ఇంటర్వ్యూ చేసే కార్యక్రమానికి వెళ్లాను. ఆన్‌లైన్ పరీక్ష ముందే గట్టెక్కాను కనుక నేరుగా టెక్నికల్ రౌండే అన్నారు. పొద్దున్నే రమ్మన్నవారు లోపలికి పిలిచేసరికి భోజనాల వేళ దాటింది. దానికి నాకు పెద్ద ఫిర్యాదు లేదు. డ్రైవ్ అంటేనే అంత.

ఇంటర్వ్యూ చేసినాయన నా రెజ్యూమే అప్పుడే తెరిచి చూస్తూ, హాష్‌మ్యాప్‌లో (కీ అనే గుర్తుతో విలువను దాచి, మళ్లీ వెతికే జావా అమరిక) చాలా కీలు ఒకే బకెట్‌లో, అంటే ఒకే అరలో పడితే వెతకడానికి ఎంత సమయం పడుతుందని అడిగారు. జావా 8కి ముందైతే ఆ బకెట్‌లోని లింక్డ్ లిస్టును (గొలుసులా ఒకదాని వెంట ఒకటి ఉండే ఎంట్రీలను) చివరిదాకా చూడవలసి రావచ్చు కనుక ఎంట్రీలు పెరిగినకొద్దీ సమయమూ అదే లెక్కన పెరుగుతుందని, 2014లో వచ్చిన జావా 8 నుంచి మాత్రం బకెట్‌లో ఎంట్రీలు 8 దాటి, టేబుల్ పరిమాణం, అంటే మొత్తం బకెట్ల సంఖ్య, కనీసం 64 ఉంటే ఆ లిస్టు రెడ్-బ్లాక్ ట్రీగా (కొమ్మలుగా విడిపోయి వెతకడం తేలికయ్యే అమరికగా) మారుతుందని, కీలు ఒకదానితో ఒకటి పోల్చదగినవైతే లాగరిథమిక్ సమయం, అంటే ఎంట్రీలు పెరిగినా చాలా నెమ్మదిగా పెరిగే సమయం, చాలునని చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపి, "ఆర్డర్ ఆఫ్ ఎన్, అంతే కదండీ" అన్నారు, అంటే ఎంట్రీలు పెరిగిన లెక్కనే సమయమూ పెరుగుతుందని. సోర్స్ కోడ్‌లో ఆ 8 అనే స్థిరాంకం కూడా ఉందని, కావాలంటే ఇప్పుడే తెరిచి చూపిస్తానని అన్నాను. "అంత లోతు ఇక్కడ అవసరం లేదు" అంటూ తన కాగితం మీద ఇంటూ మార్కు పెట్టి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు. ఆ కాగితంలో ప్రశ్నలూ, వాటి పక్కనే జవాబులూ అచ్చేసి ఉన్నాయి. తలకిందులుగానైనా నాకు కనిపిస్తూనే ఉన్నాయి. నేను పనిచేసిన చెల్లింపుల ప్రాజెక్టు గురించి, ఒకే లావాదేవీ రెండుసార్లు నమోదు కాకుండా మేము పడిన పాట్ల గురించి ఒక్క ప్రశ్నా రాలేదు.

చివర్లో ఈ పోస్టు ఏ టీముకని నేనే అడిగితే, ప్రొడక్షన్ సపోర్టు (ఇప్పటికే వాడుకలో ఉన్న సాఫ్ట్‌వేర్‌లో వచ్చే సమస్యలు చూసే పని) అనీ, నైట్ షిఫ్టులు ఉంటాయనీ తేలింది. ప్రకటనలో బ్యాకెండ్ డెవలపర్ అని రాసినవారు ఆ ముక్క ఫోనులోనే చెప్పి ఉంటే ఒక శనివారం మిగిలేది. హెచ్‌ఆర్ ఆవిడ మాత్రం 90 రోజుల నోటీసు పీరియడ్‌ను 30కి తగ్గించుకోగలరా అని పట్టుబట్టి అడిగి, వారంలో చెబుతామన్నారు. ఆ తర్వాత నా మెయిల్‌కు కాదన్న జవాబైనా రాలేదు.

ఇప్పుడు ఏ రిక్రూటరు ఫోన్ చేసినా, టీము ఏది, షిఫ్టు ఏది, ఇంటర్వ్యూ చేసేవారు ఆ టీములోనే ఉన్నారా అని ముందే అడుగుతున్నాను. మొదటి రెండింటికీ జవాబు వెంటనే వస్తుంది. మూడోదానికి "కనుక్కుని చెబుతానండీ" అన్నవారిలో మళ్లీ ఫోన్ చేసినవారు తక్కువ.