దురద జింకది కాదు, గట్టు మీది వయ్యారిభామది

ప్రశ్న: మాది నారాయణపేట జిల్లా. పత్తి, కంది వేశాను, 40 డెక్కని గొర్రెలున్నాయి. రాత్రిళ్లు కృష్ణజింకలు చేలో పడుతుంటే కావలికి పోతున్నా. నెల కింద గట్టు పక్కన వలలో చిక్కిన జింకను పట్టుకుని విడిపించాను. రెండు రోజులకు కనురెప్పలు వాచాయి, మెడ మీద, మోచేతి మడతల్లో దద్దుర్లు లేచాయి. ఇంకా తగ్గలేదు. ఇది జింక ఎలర్జీ, దాని పిడుదులు నాకూ గొర్రెలకూ అంటుకున్నాయని మందుల షాపతను చెప్పి, గొర్రెలకు కొట్టే డెల్టామెత్రిన్‌ను నన్ను కూడా పూసుకోమన్నాడు. రెండుసార్లు పూశాను, మంట ఇంకా పెరిగింది. గొర్రెలకు ఎంత కొట్టాలి?

జవాబు: ముందు ఆ మందు ఒంటికి పూయడం ఆపండి. అది పురుగుమందు. మీ మంటలో సగం దానివల్లే అయి ఉంటుంది. షాపతనికి తెలిసింది సీసా అమ్మడం, చర్మం సంగతి కాదు. ఇలా పూసుకున్నవాళ్లను నేను చాలామందిని చూశాను, చిన్నపిల్లల తలకు పేలమందు అని రాసినవాళ్లు కూడా ఉన్నారు, దయచేసి ఆ పని ఎవరూ చేయకండి.

ఇక జింక సంగతి. జంతువుల ఎలర్జీ ఉన్నదే, కాదనను. వెంట్రుక వల్ల కాదు, చర్మం నుంచి రాలే పొట్టు, ఉమ్మి, మూత్రంలో ఉండే ప్రొటీన్ల వల్ల వస్తుంది. జింకల దగ్గర రోజూ పనిచేసేవాళ్లకు, గోవులు, గొర్రెల కొట్టాల్లో ఏళ్లు గడిపేవాళ్లకు రావచ్చు. కానీ అది నిమిషాల్లో, మహా అయితే గంటలో బయటపడుతుంది: తుమ్ములు, కళ్లలో నీళ్లు, ముక్కు కారడం, ఆయాసం. జంతువు దూరమైతే తగ్గుతుంది. మీకు రెండు రోజుల తర్వాత మొదలై, జింక వెళ్లిపోయి నెలైనా ఉంది. పైగా కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు. ఇది వయ్యారిభామ, అదే కాంగ్రెస్ గడ్డి, పెట్టే దద్దు లక్షణం. మీరు ఆ జింకను విడిపించడానికి ఎక్కడ కూర్చున్నారో గుర్తు తెచ్చుకోండి. ఈ కాలంలో గట్టు మీద నడుము ఎత్తు మొక్కలుంటాయి, మీ చేతులకు చొక్కా మడిచి ఉంటుంది.

ఇంకొకటి అడుగుతాను, మీరు కావలికి కప్పుకునే గొంగడి ఎక్కడ పెడతారు? గట్టు మీద పరిచి కూర్చుంటే ఆకుల పొడి, మొక్క మీది సన్నని నూగు ఉన్నిలో ఇరుక్కుపోతుంది. అదే తెచ్చి మళ్లీ మెడకు చుట్టుకుంటున్నారు. గొర్రెల బొచ్చులోనూ అదే పొడి కొట్టంలోకి వస్తుంది. ఎండిన మొక్క పొడి కూడా పచ్చిదానిలాగే బాధ పెడుతుంది, కాబట్టి మొక్కలు ఎండాయి కదా అని ధీమా వద్దు. గొంగడిని రెండు మూడు నీళ్లలో ఉతికి ఎండబెట్టండి, ఇంకెవరితోనైనా ఉతికించుకుంటే మంచిది.

మీరు ఇకపై ఆ మొక్కను పీకకండి. ఇంట్లో దురద లేనివాళ్లు గ్లౌజులు, నిండు చేతుల చొక్కా వేసుకుని, వానకు నేల మెత్తబడ్డప్పుడు పూత రాకముందే వేరుతో సహా పీకాలి. పూత వచ్చినవైతే గుంతలో పూడ్చండి, కాల్చి పొగలో నిలబడొద్దు. పంటలేని గట్లపై లీటరు నీటికి 200 గ్రాముల ఉప్పు కలిపి ఎండ బాగా ఉన్నప్పుడు ఆకులు తడిసేలా కొట్టండి, చేలోకి పోనివ్వకండి. డీలరు 2,4-డి అనే కలుపు మందు ఇస్తానంటే వద్దనండి, దాని గాలి తగిలినా పత్తి ఆకులు వేళ్లలా ముడుచుకుపోతాయి. ఇప్పుడు తగిరిస అనే మొక్క గింజలు సేకరించి ఏప్రిల్, మే నెలల్లో గట్ల మీద చల్లితే వానలకు లేచి వయ్యారిభామను అణుస్తుంది. మన దేశంలో 1955లో పుణెలో మొదట కనబడిన వయ్యారిభామ ఇవాళ ప్రతి గట్టు మీదా ఉంది, ఎవరి గట్టు వాళ్లు చూసుకోకపోతే మీరొక్కరు పీకినా లాభం లేదు, పక్క రైతులకు కూడా చెప్పండి.

గొర్రెల విషయం: మందు కొట్టే ముందు చెవుల లోపల, తోక కింద, తొడల మడతల్లో వేలితో తడిమి చూడండి. పిడుదులుంటేనే కొట్టండి. డెల్టామెత్రిన్ 1.25 శాతం మందు లీటరు నీటికి 2 మి.లీ., ఉన్ని గొర్రెలు కాబట్టి చర్మం తడిసేదాకా, కళ్లు, మూతి తప్పించి, ముందు మేపి నీళ్లు తాగించాక. 15 రోజులకు మళ్లీ ఒకసారి. కొట్టం గోడల నెర్రెల్లో కూడా అదే మందు కొట్టండి, పిడుదుల గుడ్లు అక్కడే ఉంటాయి. మీరు గ్లౌజులు లేకుండా ఆ మందు ముట్టుకోవద్దు.

జింకల జోలికి వెళ్లకండి, కృష్ణజింక వన్యప్రాణి చట్టంలో షెడ్యూల్ 1 జంతువు, అంటే అత్యధిక రక్షణ ఉన్నది. ఈసారి చిక్కితే అటవీశాఖకు ఫోన్ చేయండి, భయంతో కొమ్ములు విసురుతుంది.

నేను పశువైద్యుణ్ని, మీ ఒంటికి మందు రాయను. ఊళ్లో ఇంజెక్షన్ వేయించుకోకుండా, మెడికల్ షాపు క్రీములు పూయకుండా, చర్మవ్యాధి డాక్టరుకు చూపించండి. పెదాలు, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. వెళ్లేటప్పుడు వయ్యారిభామ రెమ్మ ఒకటి ప్లాస్టిక్ కవరులో గట్టిగా మూతి కట్టి తీసుకెళ్లండి, మీరు పూసుకున్న డెల్టామెత్రిన్ సీసా కూడా చూపించండి.