మా పాప యుక్రెయిన్ వ్యవసాయం మీద చదువుతానంటోంది, పంపమంటారా?

అన్నగారూ, మీ మెసేజ్ చదివా. అమ్మాయి బాపట్లలో అగ్రి బీఎస్సీ మూడో ఏడు, యూరోపియన్ యూనియన్‌లో చేరాలనుకుంటున్న యుక్రెయిన్ వ్యవసాయం మీద మాస్టర్స్ చేస్తానంటోంది, యుద్ధం జరిగే దేశం గురించి చదివితే ఉద్యోగం ఎవడిస్తాడని మీ బెంగ. ముందు ఆ భయం వదిలేయండి, దానికి అక్కడికి వెళ్లక్కర్లేదు, బెల్జియంలో గెంట్ యూనివర్సిటీ లాంటి చోట చేరి యుక్రెయిన్‌ని టాపిక్‌గా తీసుకోవచ్చు.

సబ్జెక్ట్ మాత్రం చాలా పెద్దది అన్నగారూ. 2022లో యుక్రెయిన్‌కి యూనియన్‌లో చేరే క్యాండిడేట్ హోదా వచ్చింది, 2024 జూన్‌లో చర్చలు మొదలయ్యాయి, ఆ చర్చల్ని సబ్జెక్టుల వారీగా 35 చాప్టర్లుగా విడగొట్టారు, వాటిలో 11వది వ్యవసాయం, 12వది ఫుడ్ సేఫ్టీ. అక్కడ 2001 నుంచి సాగుభూమి అమ్మకాల మీద నిషేధం ఉండేది, 2021 జులైలో ఎత్తేసి మనిషికి 100 హెక్టార్ల దాకా కొనుక్కోనిచ్చారు, 2024 నుంచి కంపెనీలకి 10,000 హెక్టార్లు, అంటే మన లెక్కలో దాదాపు 25 వేల ఎకరాలు! యూరప్‌లో సబ్సిడీ ఎక్కువ భాగం హెక్టారు లెక్కనే ఇస్తారు, మరి ఇంత పెద్ద కమతాలు లోపలికొస్తే మా వాటా ఏమవుతుందని పోలండ్ రైతుల గుబులు, 2023లో యుక్రెయిన్ ధాన్యాన్ని అక్కడ ఆపేసింది కూడా రైతుల ఒత్తిడికే.

ఇక 12వ చాప్టర్ మీకే బాగా తెలుసు, మిర్చి వేస్తారు కదా. టిక్కీలోంచి, అంటే మిర్చి బస్తాలోంచి తీసిన గుప్పెడు కాయలు ల్యాబ్‌కి వెళ్లి, పురుగుమందు అవశేషం లిమిట్ దాటిందంటే యూరప్‌కి సరుకు పోదు, యుక్రెయిన్ రైతు నేర్చుకోవాల్సిందీ అదే రూలు. సబ్సిడీ డబ్బు పడాలంటే ఏ చేలో ఏ పంటో మ్యాప్ మీద చూపించాలి, ఆంధ్రాలో పంట నమోదు చేసే మన ఈ-క్రాప్ లాంటిదే అనుకోండి. అందుకే థియరీ ఒక్కటే కాకుండా జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాప్‌ల పని), స్టాటిస్టిక్స్ గట్టిగా నేర్చుకోమనండి, ఎక్స్‌పోర్ట్ కంపెనీల్లో, పంట బీమాలో ఇక్కడా పనికొస్తాయి.

డబ్బు సంగతి. యూరోపియన్ యూనియన్ ఇచ్చే ఎరాస్మస్ ముండస్ స్కాలర్‌షిప్ వస్తే నెలకి 1400 యూరోలు, తను చేరే కోర్సుకి ఆ ఏడాది ఉందో లేదో చూసుకోవాలి. రాకపోతే దయచేసి పొలం తాకట్టు పెట్టి పంపొద్దు, ఇక్కడే అగ్రి ఎకనామిక్స్ పీజీ చేయొచ్చు, లేదా హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో నార్మ్, మేనేజ్ అనే వ్యవసాయ మేనేజ్‌మెంట్ సంస్థలున్నాయి, ఆ తర్వాత పీహెచ్‌డీకి వెళ్లినా ఆలస్యం కాదు.

ఈ సెలవుల్లో అమ్మాయిని రెండ్రోజులు మిర్చి యార్డుకి తీసుకెళ్లండి, ఏ లాటు ఎందుకు రిజెక్ట్ అయిందో అడిగి రెండు పేజీలు రాయమనండి, అది నాకు పంపితే చదివి అప్లికేషన్‌లో ఎలా వాడుకోవాలో చెప్తా.