జపాన్ క్యాసెట్‌కి ఇంగ్లీషు: ప్రశ్నలు, జవాబులు

నింటెండో గేమ్ మెషీన్ సూపర్ ఫ్యామికామ్‌కి వచ్చిన 'సెయికెన్ దెన్సెత్సు 3' జపాన్ క్యాసెట్ నా దగ్గర ఉంది. ఇంగ్లీషు ప్యాచ్ ఫైలు (గేమ్‌లోని మాటల్ని ఇంగ్లీషులోకి మార్చేది) కూడా ఉంది. దాన్ని క్యాసెట్‌లోకే ఎక్కించవచ్చా? (హైదరాబాద్)

ఉన్న చిప్‌లోకి ఎక్కదు. అది మాస్క్ రోమ్. అందులోని సమాచారం ఫ్యాక్టరీలోనే అచ్చయిపోతుంది, మళ్ళీ రాయలేం. దాన్ని ఊడదీసి, ప్యాచ్ వేసిన ఫైలు రాసుకున్న కొత్త చిప్‌ను ఆ స్థానంలో అతకాలి.

అయితే మొదటి ప్రయత్నానికి ఈ గేమ్ వద్దంటాం. 1995లో వచ్చిన ఈ గేమ్ 4 ఎంబీ, అంటే 32 మెగాబిట్లు. అంత పట్టే ఈప్రోమ్ (చెరిపి మళ్ళీ రాయగల చిప్) 27సి322కి 42 కాళ్ళు, పైగా ఒకేసారి 16 బిట్లు ఇస్తుంది. క్యాసెట్ బోర్డుకి కావలసింది 8 బిట్లు. మధ్యలో అడాప్టర్ బోర్డు తప్పదు. 29ఎఫ్033 లాంటి 8 బిట్ల ఫ్లాష్ చిప్ వాడితే ఆ బాధ లేదు కానీ, దాని 40 కాళ్ళు వెంట్రుకల్లా ఉంటాయి. వాటిని అడాప్టర్‌పై అతకడానికి చేయి తిరిగి ఉండాలి. 1 ఎంబీ గేమ్‌తో మొదలుపెట్టండి. ఈ గేమ్‌కే కట్టుబడితే మీ అసలు క్యాసెట్‌ను మాత్రం కోయకండి. అదే రకం బోర్డున్న చవక క్యాసెట్ ఒకటి బలికి వెతకండి.

బోర్డు మీది అక్షరాలు చూస్తే రకం తెలిసిపోతుంది. ఉదాహరణకి ఎస్‌హెచ్‌వీసీ-1జే3ఎం-20. 'జే' అంటే హైరోమ్, అక్కడ 'ఏ' ఉంటే లోరోమ్. ఇవి గేమ్ సమాచారాన్ని మెషీన్ అడ్రసుల్లో అమర్చే రెండు పద్ధతులు. బోర్డు పేరులో తర్వాతి 3 అంటే సేవ్ మెమరీ (ఆట ఎంతవరకు వచ్చిందో దాచేది) 64 కిలోబిట్లు, 5 ఉంటే 256. లోరోమ్ గేమ్‌ను హైరోమ్ బోర్డుపై పెడితే ఎంత శుభ్రంగా అతికినా నల్ల తెరే. సేవ్ మెమరీ కొలత తేడాగా ఉన్నా, కొన్ని గేములు దొంగ కాపీ అనుకుని మొరాయిస్తాయి.

1 ఎంబీ గేమ్‌ను 27సి801 ఈప్రోమ్‌లో రాసి పాత చిప్ రంధ్రాల్లోనే గుచ్చాను. తెర నల్లగానే ఉంది. చిప్ పోయిందా? (విజయవాడ)

చిప్ బాగానే ఉండి ఉంటుంది. రెండింటికీ 32 కాళ్ళే అయినా వరస వేరు. ఈప్రోమ్ 24వ కాలు 'ఔట్‌పుట్ ఎనేబుల్' (సమాచారం ఇవ్వమని చిప్‌కి చెప్పేది), బోర్డు 24వ రంధ్రంలో వచ్చేది ఏ16 అడ్రసు గీత (ఏ చోటు చదవాలో చెప్పే గీతల్లో ఒకటి). ఆ గీతలో 1 వచ్చినప్పుడల్లా చిప్ నోరు మూసుకుంటోందన్నమాట.

1, 2, 24, 30, 31 కాళ్ళను పైకి వంచి, మిగతా 27 మాత్రం రంధ్రాల్లో అతకండి. ఆ అయిదింటికీ సన్నని 30 గేజ్ తీగ వేయండి: ఈప్రోమ్ 1వ కాలు బోర్డు 30వ రంధ్రానికి, 2 వెళ్ళి 24కి, 24 వెళ్ళి 31కి, 30 వెళ్ళి 1కి, 31 వెళ్ళి 2కి. ఈ లెక్క 32 రంధ్రాల బోర్డుకి. సాకెట్ పెడదామనిపిస్తుంది, కానీ ఎత్తు పెరిగి పైడొప్ప మూతపడదు.

పాత చిప్ అక్కర్లేనిదైతే దాని కాళ్ళను ఒంటి దగ్గరే కత్తిరించి, ఒక్కోటీ విడిగా వేడిచేసి లాగండి. 32 కాళ్ళనూ ఒకేసారి పెరకబోతే రంధ్రం చుట్టూ ఉన్న రాగి లేచొస్తుంది. ఈ పనిలో ఎక్కువ బోర్డులు పోయేది అక్కడే.

చిప్ వేగం 100 లేదా 120 నానోసెకన్లది తీసుకోండి. వాడేసిన చిప్ అయితే 15-20 నిమిషాలు అతినీలలోహిత దీపం కింద పెట్టి, అన్ని బైట్లూ 'ఎఫ్‌ఎఫ్' అయ్యాయో లేదో ప్రోగ్రామర్ (చిప్‌లో రాసే పరికరం)లో చూసుకున్నాకే రాయండి. రాశాక వెరిఫై చేసి, చిప్ పైనున్న గాజు కిటికీ మీద వెలుగు సోకని స్టిక్కర్ అతికించండి.

ప్యాచ్ వేశాక కంప్యూటర్‌లోనే అక్షరాలన్నీ చెత్తగా వస్తున్నాయి. (గుంటూరు)

పాత కాపీ పరికరాలు ఫైలు ముందు 512 బైట్ల హెడర్ (గేమ్‌లో భాగం కాని అదనపు ముక్క) తగిలించేవి. ప్యాచ్ హెడర్ ఉన్న ఫైలుకి తయారైందో, లేనిదానికో దానితో వచ్చే రీడ్‌మీలో ఉంటుంది. రెండూ కలవకపోతే ప్రతి మార్పూ 512 బైట్లు పక్కకి పడుతుంది. ఐపీఎస్ రకం ప్యాచ్ ఇదేమీ చూడదు, తప్పు ఫైలు మీదైనా నోరెత్తకుండా రాసేస్తుంది. బీపీఎస్ రకం ముందే చెక్‌సమ్ (ఫైలు సరైనదో కాదో తేల్చే లెక్క) చూసి ఆగిపోతుంది. దొరికితే అదే తీసుకోండి.

1 ఎంబీ గేమ్ సరిగ్గా 10,48,576 బైట్లు ఉండాలి. 10,49,088 ఉంటే హెడర్ ఉన్నట్టే. హెడర్ కోరే ప్యాచ్ అయితే దానితోనే వేసి, చిప్‌లో రాసే ముందు మాత్రం తప్పక తీసేయండి.

ప్యాచ్ తర్వాత మళ్ళీ ఒకసారి కొలత చూడండి. జపనీసులో రెండు మూడు అక్షరాల్లో అయిపోయే మాటకి ఇంగ్లీషులో పదక్షరాలు పట్టవచ్చు, అందుకని అనువాదకులు కొన్నిసార్లు ఫైలునే పెంచేస్తారు. 1 ఎంబీ దాటిందా, 27సి801 పనికిరాదు.

కొత్త చిప్‌తో ఆట నడుస్తోంది, సేవ్ నిలవడం లేదు. (వరంగల్)

బ్యాటరీ చూడండి. లోపలి సీఆర్2032 మూడు వోల్టులది, ముప్పై ఏళ్ళ నాటిది కావచ్చు. రేకులు అతికి ఉన్న రకమే కొనండి. మామూలు బిళ్ళకి నేరుగా టంకం పెడితే వేడికి పాడవుతుంది, పగిలినా పగలవచ్చు. డొప్ప విప్పడానికి 3.8 మిల్లీమీటర్ల గేమ్‌బిట్ అనే ప్రత్యేక స్క్రూడ్రైవర్ కావాలి.

ఇలా చేసిన క్యాసెట్ అమెరికా మెషీన్‌లో ఆడుతుందా? (డాలస్)

జపాన్, అమెరికా తాళం చిప్‌లు (వేరే ప్రాంతపు క్యాసెట్లను అడ్డుకునేవి) ఒకటే. అడ్డొచ్చేది స్లాట్ లోపలి రెండు ప్లాస్టిక్ ముక్కలు, వాటిని తీసేస్తే చాలు. యూరప్ మెషీన్‌లో తాళమే వేరు.

మన పాత 'టీవీ గేమ్' 60 కాళ్ళ క్యాసెట్లకీ ఇదే పద్ధతా? (రాజమండ్రి)

కాదు. వాటిలో చాలావాటి చిప్‌ను బోర్డుకే అతికించి నల్లటి బొట్టుతో కప్పేశారు, ఊడదీయడానికి కాళ్ళే ఉండవు. అసలైన ఫ్యామికామ్ (సూపర్ ఫ్యామికామ్‌కి ముందు వచ్చిన నింటెండో మెషీన్) క్యాసెట్ అయితే చేయవచ్చు. అందులో సాధారణంగా ప్రోగ్రాముకి ఒకటి, బొమ్మలకి ఒకటి, రెండు రోమ్‌లుంటాయి. ఫైలు మొదట్లోని 16 బైట్ల హెడర్ తీసేసి, మిగిలినదాన్ని రెండు ముక్కలు చేసి రెండు చిప్‌లలో రాయాలి. కొన్ని బోర్డుల్లో బొమ్మల రోమ్ బదులు ర్యామ్ ఉంటుంది, వాటికి ఒక్క చిప్ చాలు.