ఇంటిపై అంతస్తు వేయాలంటే ముందు ఎవరి సంతకాలు కావాలి?

సందేహం: నల్లకుంటలో మాకు 150 గజాల స్థలంలో, అంటే 30 అడుగుల వెడల్పు, 45 అడుగుల పొడవులో, గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు ఉంది. నాన్నగారు సొంత జీతంతో స్థలం కొని 1992లో ఇల్లు కట్టించారు. 2019లో వీలునామా రాయకుండానే కాలం చేశారు. ఇప్పుడు ఇంట్లో అమ్మ, నేను, నా భార్య, పిల్లలు ఉంటున్నాం. చెల్లెలు పెళ్లయి వరంగల్‌లో ఉంది. ఇంటి పన్ను నా పేరు మీదికి మార్పించుకున్నాను. వెనక ఉన్న మూడున్నర అడుగుల ఖాళీలోకి వంటగదిని పెంచి, పక్క సందులో మెట్లు పెట్టి, పైన మూడు గదులు వేయాలని గ్రాఫ్ కాగితం మీద నేనే ప్లాను గీసుకున్నాను. కింది భాగం అద్దెకిచ్చి అమ్మతో సహా అందరం పైకి వెళ్తాం. ఆర్కిటెక్ట్‌ను ఇంకా కలవలేదు. "వీధిలో అందరూ ఇలాగే కట్టారు, కాగితాలు తరవాత చూసుకోవచ్చు" అని మేస్త్రీ అంటున్నాడు. చట్టప్రకారం ముందే చూసుకోవలసినవి ఏమిటి? (ఒక పాఠకుడు, హైదరాబాద్)

సలహా: ఆర్కిటెక్ట్ దగ్గరకు వెళ్లకముందే టేపు పట్టుకుని కొలతలు తీసి, కాగితం మీద గీసుకోవడం చాలా మంచి పని. తన ఇంట్లో తనకేం కావాలో తెలియకుండా వెళ్లేవాళ్లే ఎక్కువ. అయితే మీ ఉత్తరంలో నన్ను ఆపింది వంటగది కాదు, మెట్లూ కాదు. "ఇంటి పన్ను నా పేరు మీదికి మార్పించుకున్నాను" అన్న వాక్యం.

పన్ను రసీదులో పేరు మారినంత మాత్రాన ఇల్లు మీది కాదు. పన్ను ఎవరి దగ్గర వసూలు చేయాలో తెలియడం కోసం కార్పొరేషన్ రాసుకునే పేరు అది. దానివల్ల యాజమాన్యం రాదు, పోదు. ఈ పేరు మార్పుతో (మ్యుటేషన్‌తో) హక్కు పుట్టదని మన న్యాయస్థానాలు ఎన్నోసార్లు చెప్పాయి. మీ నాన్నగారిది స్వార్జితం, వీలునామా లేదు. కాబట్టి 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ఎనిమిదో సెక్షన్ ప్రకారం మొదటి తరగతి వారసులందరికీ సమాన వాటా. మీ నాయనమ్మ ఆయనకంటే ముందే కాలం చేశారనుకుంటే, మీ ఇంట్లో అలాంటి వారసులు ముగ్గురు: మీ అమ్మగారు, మీరు, మీ చెల్లెలు. ఒక్కొక్కరికి మూడో వంతు.

"చెల్లెలికి పెళ్లప్పుడే ఇవ్వవలసింది ఇచ్చేశాం" అనే మాట నా దగ్గరకు వచ్చే ప్రతి రెండో కుటుంబంలో వింటాను. పెళ్లికి పెట్టిన ఖర్చు వారసత్వ హక్కును తీసేయదు. 2005 సవరణతోనే ఆడపిల్లలకు వాటా వచ్చిందనే అపోహ కూడా చాలామందికి ఉంది. ఆ సవరణ ఉమ్మడి కుటుంబ ఆస్తి గురించి. నిజానికి ఆ హక్కును కూడా మన ఉమ్మడి రాష్ట్రం 1985లోనే, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఇచ్చింది. తండ్రి స్వార్జితంలో మాత్రం కూతురి వాటా 1956 నుంచీ ఉన్నదే.

ఇక మీ పై అంతస్తు సంగతి. ముగ్గురి స్థలం మీద ఒకరు తన డబ్బుతో గదులు వేస్తే, డబ్బు పెట్టినందుకు స్థలంలో ఆయన వాటా పెరగదు. రేపు పంపకాల దావా వస్తే, కట్టిన భాగాన్ని వీలైనంతవరకు కట్టిన వారి వాటాలోకే వచ్చేలా న్యాయస్థానం చూడవచ్చు. కానీ అది న్యాయస్థానం విచక్షణ. దానిమీద లక్షలు పెట్టి గోడ లేపకండి. పైగా మిగతా వారసుల సమ్మతి లేకుండా పని మొదలుపెడితే, వారిలో ఎవరైనా నిలుపుదల ఉత్తర్వు తెచ్చుకోవచ్చు. స్లాబుకు సెంట్రింగ్ కొట్టాక పని ఆగితే పడే బాధ నేను చూశాను. ఇనుము తుప్పు పడుతూ ఉంటుంది, అన్నాచెల్లెళ్ల మధ్య మాటలు ఉండవు.

మీకు రెండు దారులున్నాయి. ముగ్గురూ కలిసి అనుమతికి దరఖాస్తు పెట్టుకోవడం ఒకటి. అందులో ఎవరెంత పెడుతున్నారో, పై అంతస్తు ఎవరికి చెందుతుందో ముందే పంపక దస్తావేజులో రాసుకుని రిజిస్టర్ చేయించుకోవాలి. చెల్లెలు తన వాటాను ఉచితంగానో డబ్బు తీసుకునో వదులుకోవడానికి ఇష్టపడితే, హక్కు విడుదల పత్రం రాయించుకోవడం రెండోది. స్థిరాస్తి హక్కు వదులుకునే పత్రానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసి నోటరీ ముద్ర వేయించుకుంటే చాలదు. నా మనసుకు మొదటి దారే మంచిది. చెల్లెలిని వాటా వదులుకోమని అడగడం కంటే, ఏం కట్టబోతున్నారో చూపించి ఒప్పించుకోవడం తేలిక. బ్యాంకు అప్పు తీసుకునే ఆలోచన ఉన్నా ఈ హక్కు పత్రాలు, లింకు డాక్యుమెంట్లు (స్థలానికి సంబంధించిన పాత దస్తావేజులు), ఈసీ (ఆస్తిపై నమోదైన లావాదేవీలు చూపే ధ్రువపత్రం) అన్నీ అడుగుతారు. ఇప్పుడే పోగుచేసి పెట్టుకోండి.

ఇక గ్రాఫ్ కాగితం దగ్గరకు వద్దాం. గదులు గీయడానికి ముందు, కట్టకూడని చోటును గీయాలి. మీ 150 గజాలు సుమారు 125 చదరపు మీటర్లు. 2012లో జీవో 168 ద్వారా వచ్చిన భవన నిర్మాణ నిబంధనల పట్టికలో 100 నుంచి 200 చదరపు మీటర్ల స్థలానికి, 10 మీటర్ల ఎత్తు వరకు, 12 మీటర్లు మించని రోడ్డయితే ముందువైపు 1.5 మీటర్లు, మిగతా మూడు వైపులా ఒక్కో మీటరు వదలాలి. ఒక మీటరంటే మూడు అడుగుల మూడున్నర అంగుళాలు. అంటే మీ వెనక ఉన్న మూడున్నర అడుగులు మిగులు స్థలం కాదు, తప్పనిసరిగా వదలవలసిన స్థలం. అందులో మీకు నిజంగా మిగిలేది రెండు మూడు అంగుళాలే. మెట్లకూ ఇదే వర్తిస్తుంది, పక్క సందులో వాటికి చోటు లేదు. ఇలా వదిలే ఖాళీలోకి, అంటే సెట్‌బ్యాక్‌లోకి, రానిచ్చేది 60 సెంటీమీటర్లు మించని సజ్జాలను. మెట్లను ఇంటి గీత లోపలికే తీసుకుని గదులను సర్దుకోవాలి.

ఈ లెక్కన మీ స్థలంలో ఒక అంతస్తుకు కట్టగలిగేది సుమారు 860 చదరపు అడుగులు. వీధి వెడల్పు కూడా కొలవండి. అది 9 మీటర్లకు, అంటే దాదాపు 30 అడుగులకు తక్కువైతే, వీధి మధ్య నుంచి నాలుగున్నర మీటర్లు వచ్చేలా మీ వైపు కొంత వదలాలి. ముందు సెట్‌బ్యాక్‌ను ఆ కొత్త గీత నుంచి లెక్కపెడతారు. మీది పాతికడుగుల వీధి అయితే ఇంకో యాభై చదరపు అడుగులు పోతాయి. ఆ చుట్టుపక్కల నాలాలు (వాననీటి కాలువలు) ఉన్నాయి కాబట్టి ఇంకో మాట. నాలా హద్దు నుంచి కనీసం 2 మీటర్లు వదలాలి. 1992 నాటి గోడ ఈ గీతల్లో దేన్నైనా దాటి ఉంటే దాచకండి, ఆర్కిటెక్ట్‌కు మొదటి రోజే చెప్పండి. పాత ఇంటికి మంజూరైన ప్లాను నకలు మీ దగ్గర లేకపోతే కార్పొరేషన్‌లో అడగండి. స్పందన రాకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

మేస్త్రీ చెప్పిన "తరవాత చూసుకోవచ్చు" గురించి గట్టిగా చెప్పాలి. తరవాత చూసుకోవడానికి ఇప్పుడు దారి లేదు. 2015లో వచ్చిన క్రమబద్ధీకరణ పథకం ఆ ఏడాది అక్టోబరు 28 నాటికి కట్టిన భవనాలకే, అదీ హైకోర్టులో చిక్కుకుపోయింది. ముందువైపు కాకుండా మిగతా వైపుల్లో 10 శాతం వరకు సెట్‌బ్యాక్ తగ్గితే జరిమానాతో మన్నించే వీలుంది. మీ విషయంలో ఆ 10 శాతం నాలుగు అంగుళాలు. వంటగది అందులో పట్టదు. 2024 డిసెంబరు 17న మేరఠ్ నిర్మాణాల కేసులో సుప్రీంకోర్టు, ఎన్నేళ్లు గడిచినా, ఎంత డబ్బు పెట్టినా అక్రమ నిర్మాణం సక్రమం కాదని తేల్చి చెప్పింది. నిర్మాణం పూర్తయిన ధ్రువపత్రం చూశాకే కరెంటు, నీళ్ల కనెక్షన్లు ఇవ్వాలని, బ్యాంకులు కూడా దాన్ని సరిచూసుకున్నాకే అప్పు ఇవ్వాలని ఆదేశించింది. వీధిలో మిగతావాళ్లకు నోటీసు రాలేదనేది మీకు రక్షణ కాదు. ఒక పొరుగువారి ఫిర్యాదు చాలు, జీహెచ్ఎంసీ చట్టం 452 సెక్షన్ కింద షోకాజ్ నోటీసు, ఆపైన 636 కింద కూల్చివేత ఉత్తర్వు వస్తాయి. అక్రమంగా కట్టిన భాగానికి పన్ను కట్టించుకున్నా అది అనుమతి కాదు.

నిజానికి అనుమతి తీసుకోవడం ఇప్పుడు ఒకప్పటంత కష్టం కాదు. 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ (భవన అనుమతుల) చట్టం ప్రకారం 500 చదరపు మీటర్ల వరకు, అంటే దాదాపు 600 గజాల వరకు స్థలంలో, 10 మీటర్ల ఎత్తు మించని ఇంటికి స్వీయ ధ్రువీకరణతో ఆన్‌లైన్‌లో వెంటనే అనుమతి వస్తుంది. అయితే వెంటనే వచ్చిందంటే అన్నీ సరిచూసి ఇచ్చారని కాదు. మీరు రాసిన కొలతలను నమ్మి ఇచ్చారని అర్థం. తరవాత తనిఖీకి వస్తారు. తప్పుడు హామీ ఇచ్చి కట్టినదాన్ని నోటీసు లేకుండానే తొలగించే అధికారాన్ని ఆ చట్టం ఇచ్చింది. కూల్చివేతకు ముందు కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. ఆ 15 రోజులు జవాబు చెప్పుకోవడానికే, గోడను నిలబెట్టుకోవడానికి కాదు. కాబట్టి దరఖాస్తులో హక్కు గురించి, కొలతల గురించి రాసే ప్రతి అక్షరం మీ పూచీ అనుకోండి. అందుకే చెల్లెలి విషయం ముందు తేల్చుకోమన్నాను.

పక్కింటివారి కిటికీలను కూడా చూడండి. ఇరవై ఏళ్లకు పైగా ఆటంకం లేకుండా వాళ్లకు వస్తున్న గాలి, వెలుతురు మీ కొత్త గోడ వల్ల చెప్పుకోదగినంతగా తగ్గితే, వాళ్లు సివిల్ కోర్టుకు వెళ్లవచ్చు. మున్సిపల్ అనుమతి ఉందన్న ఒక్క మాటతో ఆ దావా పోదు.

తరవాతది పాత పునాది. 1992లో ఒక అంతస్తుకే కట్టిన గోడల మీద, పిల్లర్ల మీద రెండో అంతస్తు బరువు పెట్టవచ్చో లేదో చెప్పవలసినవాడు స్ట్రక్చరల్ ఇంజనీరు. మేస్త్రీ అనుభవం మీద గౌరవం ఉంచుకుంటూనే, ఈ ఒక్క మాట ఇంజనీరు నుంచి లిఖితపూర్వకంగా తీసుకోండి. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 290వ సెక్షన్ ప్రకారం, భవనం కూల్చడంలో, మరమ్మతులో, నిర్మాణంలో ప్రాణాపాయం కలిగేలా నిర్లక్ష్యం వహించడం నేరం. పనివాడికో పక్కింటివారికో ఏమైనా జరిగితే అప్పుడు మేస్త్రీ మాట మిమ్మల్ని కాపాడదు.

ఇవన్నీ చేతిలో ఉంటే ఆర్కిటెక్ట్‌తో మాట్లాడటం సులువు. కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్ట్రేషన్ లేనివారు 1972 నాటి చట్టం ప్రకారం తమను ఆర్కిటెక్ట్ అని చెప్పుకోకూడదు, కాబట్టి రిజిస్ట్రేషన్ నంబరు అడగడానికి మొహమాటపడకండి. అనుమతి కోసం వేసే ప్లాను వేరు, మేస్త్రీ చేతికిచ్చే పని డ్రాయింగులు వేరు. మాట్లాడుకున్న ఫీజులో రెండూ ఉన్నాయా, ఎన్నిసార్లు స్థలానికి వస్తారు, మార్పులకు మళ్లీ డబ్బు తీసుకుంటారా అన్నవి కాగితం మీద ఉండాలి. డ్రాయింగుల మీద కాపీరైటు మామూలుగా గీసినవారిదే. అందుకే పని మధ్యలో ఆగినా వాటిని మీ ఇంటికి వాడుకునే హక్కు మీకు ఉంటుందని ఒక వాక్యం రాయించుకోండి. మేస్త్రీతో కూడా ఇలాగే రాతపూర్వకంగా ఒప్పుకోండి. పనిలో లోపం వస్తే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి గడువు రెండేళ్లు, అక్కడ మొదట అడిగేది ఒప్పంద పత్రమే.

చివరగా చట్టంతో సంబంధం లేని సంగతి ఒకటి, అయినా అడగకుండా ఉండలేకపోతున్నాను. కింది భాగం అద్దెకిచ్చి అమ్మగారిని పైకి తీసుకెళ్తామన్నారు. ఆమె వయసు మీరు రాయలేదు. ఇంట్లో మూడో వంతు ఆమెది, ఆ ఇంట్లో ఆమె ముప్పై ఏళ్లకు పైగా నేల మీదే తిరిగారు. మోకాళ్లు సహకరించని రోజు వస్తే మెట్లు ఆమెను గదికే కట్టిపడేస్తాయి. కింద ఒక గది, దాన్ని ఆనుకుని ఒక బాత్రూము ఆమె కోసం ఉంచి, మిగతాది అద్దెకు ఇవ్వగలరేమో చూడండి. ఆమెనే అడిగి, ఆ గది ఎక్కడ కావాలంటారో గ్రాఫ్ కాగితం మీద గుర్తు పెట్టుకుని, ఆ కాగితం ఫోటో తీసి వరంగల్‌కు పంపి, చెల్లెలి జవాబు వచ్చాక ఆర్కిటెక్ట్‌కు ఫోను చేయండి.